లెటీ భుజం మీద ఎనిమిదో రోజు

బండి చక్రాల చప్పుడు దగ్గర కదా మనం ఆగింది. ఆ బండి ఇంకా గుట్ట మలుపు తిరగలేదు. అది తిరిగేలోపు, కిందటి వారం పత్రిక చేతికందని వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను.

బ్రిండ్లీ గుట్ట మీద ఉన్నవాళ్లంతా మేరీలాండ్, వర్జీనియా పొగాకు తోటల్లోంచి తప్పించుకుని, ఇంగ్లండుకీ అమెరికాకీ యుద్ధం జరిగిన రోజుల్లో ఇంగ్లీషు రాజు ఓడలెక్కి వచ్చిన నల్లవాళ్లు. స్వేచ్ఛ ఇస్తాం, భూమి ఇస్తాం, రోగమొస్తే వైద్యం చేయిస్తాం అని చెప్పి రాజు మనుషులు వాళ్లని ఉత్తరాన రాజు ఏలుబడిలో ఉన్న నోవా స్కోషియాకి తెచ్చి దింపారు. యుద్ధం ముగిసింది, ఏరు దాటాక తెప్ప తగలేశారు. స్వేచ్ఛ ఇచ్చారు, అది కాదనకూడదు. భూమి అని చూపించింది మాత్రం పార దిగని రాతిగుట్ట. ఇక వైద్యం సంగతి వినండి. పేదవాడి దగ్గరికి డాక్టరు రావాలంటే పేదల అధికారి చీటీ రాయాలి. ఆయన చీటీ రాయాలంటే జబ్బు మనిషి తొమ్మిది మైళ్లు నడిచి, పోర్ట్ ఎల్డన్‌లో ఆయన బల్ల ముందు స్వయంగా నిలబడాలి. అలా వచ్చి నిలబడ్డవాణ్ణి ఆయన ఎగాదిగా చూసి, "ఇంత దూరం నడిచావుగా, నీకు డాక్టరెందుకు" అంటాడు. నడవలేనివాడికి ఎలాగూ చీటీ లేదు. పోయిన చలికాలం ఎర్రజ్వరం వచ్చినప్పుడు ఆ చీటీ కోసం చూస్తూ చూస్తూ పదకొండు మంది పిల్లలు పోయారు.

అలాంటిది, ఎనిమిది రోజుల కిందట డాక్టర్ ఆష్‌కామ్ ఎవరూ పిలవకుండానే గుట్టెక్కాడు. మశూచి రాకుండా టీకా వేస్తానని నలుగురు పిల్లల్ని ఏరుకుని, భుజం మీద రెండేసి చోట్ల సన్న కత్తితో గీసి, ఏదో నీరు అద్ది, "గోకనివ్వకండి" అన్న ఒక్క మాట చెప్పి వెళ్లిపోయాడు. మిగతా పిల్లల సంగతి అడిగితే తర్వాత చూద్దామన్నాడు. నలుగురికైనా వేశాడు కదా అని గుట్టంతా మురిసిపోయింది.

మా గుట్ట మీద ఎవరికి ఎక్కడ ఏది వాచినా చూసేది మిల్కా పెద్దమ్మ. పురుడు పోసేదీ ఆవిడే, పోయినవాళ్లకి కళ్లు మూసేదీ ఆవిడే. ఆరో రోజున ఇద్దరు పిల్లల గీతలు బొబ్బలై ఎర్రగా ఉబ్బితే, ఆవిడ ముప్పై ఏళ్లుగా అన్ని గడ్డలకీ చేసే పనే చేసింది. మొక్కజొన్న పిండి ఉడకబెట్టి, పంది కొవ్వు కలిపి, వేడిగా కట్టు కట్టి, ఆ బొబ్బల్లో ఉన్నదంతా లాగేసింది. మూడో పిల్లాడికి టీకా పొంగనే లేదు. నాలుగోది లెటీ. ఆరేళ్ల పిల్ల, తల్లి లేదు. తండ్రి నేస్ వారమంతా అడవిలో కలప కొడుతూ ఉండిపోయాడు. దాని భుజం చూసి కట్టు కట్టించమని అడిగేవాళ్లే లేక, ఆ బొబ్బ అలా మిగిలిపోయింది.

ఇక నిన్నటి సంగతి. పట్నం నుంచి ఓడ దుప్పట్లు ఉతకడానికి తెచ్చుకున్న ఫెబీకి మూడు రోజులుగా జ్వరం. నిన్న సాయంత్రం ఆవిడ నుదుటి మీద పొక్కులు లేచాయి. మిల్కాకి చిన్నప్పుడే మశూచి వచ్చి పోయింది, మొహం నిండా దాని గుర్తులే. ఆ పొక్కుల్ని ఆవిడ ఎక్కడున్నా గుర్తుపడుతుంది. ఫెబీ మొగుడు కేలబ్‌ని చంటిదాన్ని తీసుకుని వేరే కొట్టంలో ఉండమని చెప్పింది. ప్రార్థన మందిరం పెద్ద లెవిన్‌కి ఒక్కడికే చెవిలో చెప్పింది. ఇవాళ తెల్లారేసరికి బండి చప్పుడు.

ఆ బండి ఇప్పుడు మలుపు తిరిగి, మందిరం ముందు ఆగింది.

డాక్టర్ ఆష్‌కామ్ నలభై దాటని మనిషి. మంచి ఉన్ని కోటు, బూట్లకి బురద అంటకుండా పైన ఇంకో తొడుగు. దిగుతూనే "ఆ నలుగుర్నీ తీసుకురండి, నాకు టైము లేదు" అన్నాడు. పొద్దున్నే మంచు పట్టింది, పిల్లలు వణుకుతూ వచ్చి వరసగా నిలబడ్డారు. చూడటానికి జనం కూడా పోగయ్యారు.

మొదటి పిల్ల, నలుగురు బిడ్డల తల్లి సూకీ కూతురు. చొక్కా జార్చి చూడగానే డాక్టరు మొహం మాడిపోయింది. రెండో వాడి భుజం చూశాడు. మూడో వాడిది చూశాడు.

"ఎవరు చేశారు ఈ పని?" అన్నాడు.

సూకీ ఓరగా మిల్కా వైపు చూసింది.

"నేనే దొరగారూ," అంది మిల్కా. "వాచి సలుపుతుంటే పిండికట్టు కట్టాను."

"నువ్వేనా ఇక్కడి మంత్రసానివి?"

"అంటారు."

"నువ్వు లాగి పారేసిన దాని విలువ నీకు తెలుసా? ఎనిమిదో రోజు బొబ్బలో ఉండే తేట నీరే టీకా మందు. ఇంగ్లండు నుంచి గాజు పలకల మధ్య వచ్చిన మందు దారిలో చచ్చిపోయింది. హాలిఫాక్స్‌లో బతిమాలితే నాలుగు చుక్కలు ఇచ్చారు. ఆ నాలుగు చుక్కల్నీ ఈ పిల్లల మీద నాటాను. ఒక్కొక్క చేతి నుంచి ఆరేడుగురికి వేయొచ్చు. మూడు చేతులు పోయాయి. అందులో రెండు నీ పంది కొవ్వు చలవ."

చేసిన తప్పు చిన్నది కాదని మిల్కాకి ఆ క్షణంలోనే తెలిసింది. తన చేత్తో ఉడికించిన పిండి, తన చేత్తో కట్టిన గుడ్డ. పన్నెండు మంది పిల్లలకి అందాల్సిన మందు ఆ గుడ్డలతో పాటు పొయ్యిలో వేసి కాల్చేసింది. ఆ బాధ వెనకే కోపం కూడా వచ్చింది.

"ఈ మాట ఆ రోజు చెప్పి ఉంటే నేను రాత్రీ పగలూ కాపలా కాసేదాన్ని," అంది. "గోకనివ్వకండి అని మాత్రం చెప్పి వెళ్లారు. చేతిలో మందు పెరుగుతోందని చెప్పారా?"

"నీకెందుకు చెప్పాలి?"

"చూసుకునేదాన్ని నేను కాబట్టి."

డాక్టరు లెటీ ముందు వంగాడు. చొక్కా జార్చాడు. లెటీ భుజం మీద రెండు బొబ్బలు, బఠాణీ గింజంత, నడుమ చిన్న గుంట, అంచులు ముత్యంలా తెల్లగా, చుట్టూ ఎర్రటి వలయం. ఆయన మొహం ఒక్కసారి వెలిగింది. అంత ప్రేమగా ఆయన మా గుట్ట మీద దేన్నీ చూడటం ఎవరూ ఎరగరు.

"ఇదొక్కటి దక్కింది," అన్నాడు. "అచ్చంగా ఎలా ఉండాలో అలా ఉంది. దీన్ని బండెక్కించండి."

నేస్ ముందుకొచ్చాడు. భుజాన ఇంకా గొడ్డలి ఉంది. "ఎక్కడికండీ?"

"పట్నానికి. జడ్జిగారింట్లో పద్నాలుగు మంది పిల్లలు పొద్దున్నుంచీ కూర్చుని ఉన్నారు. రేవులో మశూచి పుకారు పుట్టింది. నీరు చేతి నుంచి చేతికి తాజాగా వేస్తే బాగా పడుతుంది. సాయంత్రానికి తిరిగి పంపిస్తాను. భయపడకు, వంటింటి వైపు నుంచి తీసుకెళతాం. మధ్యలో తెల్ల దుప్పటి కట్టి ఉంచమన్నాను, దానికి చిల్లు పెట్టించాను. పిల్ల అందులోంచి చెయ్యి బయటికి పెడితే సరిపోతుంది. ఎవర్నీ చూడనక్కర్లేదు, బెదరదు."

ఇదంతా ఆయన మంచిమాటగానే చెప్పాడు. అదే మిల్కాకి ఒళ్లు మండించింది.

"ఇది వాళ్లని చూడనక్కర్లేదా, వాళ్లు దీన్ని చూడనక్కర్లేదా?" అంది.

డాక్టరు తల తిప్పాడు.

"ఆ చెయ్యి ఏ రంగో తెలిస్తే జడ్జిగారి భార్య వద్దంటుందని కదా దుప్పటి? చిల్లులోంచి చెయ్యి పెడితే మరి రంగు కనపడదా?"

"చేతికి తెల్ల తొడుగు వేస్తాం, బొబ్బ మాత్రం కనపడేలా," అన్నాడాయన, అడిగినదానికి సమాధానం చెప్పేవాడిలా. అనేశాక అనకుండా ఉండాల్సిందనుకున్నట్టున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వులో సంతోషం లేదు.

లెవిన్ మిల్కా మోచెయ్యి పట్టుకున్నాడు. అరవై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు, అధికారుల దగ్గరికి గుట్ట తరఫున వెళ్లేది ఆయనే. "చెల్లెమ్మా, ఊరుకో," అన్నాడు మెల్లగా. "వెళ్లనియ్యి. రేపు మనకి అవసరం పడితే ఈయనే కదా రావాల్సింది."

"ఎప్పుడొచ్చాడన్నా? పదకొండు మందిని పాతిపెట్టినప్పుడు వచ్చాడా?"

"అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది మన బతుకు. నాకు మాత్రం తెలీదా? ఉన్న ఒక్క తలుపూ మూసుకోకు, అంతే."

మిల్కా గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. అందుకే ఈసారి గొంతు తగ్గించి, చేతులు కట్టుకుని, అడగాల్సిన పద్ధతిలోనే అడిగింది. ఎలా అడగాలో మేరీలాండ్‌లో బాగానే నేర్పించారు.

"దొరగారూ, మా దగ్గర నలభై ఒక్కమంది పిల్లలున్నారు. ఈ చేతి నీళ్లతో ముందు ఇక్కడ ఆరుగురికి వేయండి. మిగిలింది పట్నానికి పట్టుకెళ్లండి."

"మిగలదు. జడ్జిగారింట్లోనే పద్నాలుగు మంది. వాళ్లలో సగం మందికే వస్తుంది."

"మరి మా పిల్లలకి?"

"వాళ్ల చేతులు ఎనిమిది రోజులకి పండుతాయి. అప్పుడు అక్కడి నుంచి తెచ్చి మీకు వేస్తాను."

మిల్కా ఆయన కళ్లలోకి చూసింది. "జడ్జిగారి అబ్బాయి భుజం గుచ్చి, ఆ నీరు తీసి మా పిల్లలకి ఇవ్వడానికి ఆ తల్లి ఒప్పుకుంటుందా?"

డాక్టరు గుర్రం వైపు చూశాడు. బండివాడు కళ్లేలు సర్దుకుంటున్నట్టు తల వంచుకున్నాడు. అక్కడున్న అరవై డెబ్భై మందికీ జవాబు తెలిసిపోయింది. ఇవ్వరు. పిల్లవాడికి నొప్పి పుడుతుందంటారు, జలుబు చేసిందంటారు, వచ్చే వారం అంటారు. ఆ లోపు బొబ్బ ఎండిపోతుంది. మా గుట్ట పిల్లలు టీకా పొందడానికి ఏరిన పిల్లలు కారు. పట్నం పిల్లల కోసం మందు మొలకెత్తించడానికి దొరికిన నారుమడి. మడికి ఎవరూ వైద్యం చేయరు.

"నన్నడిగితే," అన్నాడు డాక్టరు, ఇబ్బందిని కోపంలోకి తిప్పుకుంటూ, "మీరు అక్కడే నయంగా ఉండేవాళ్లు. మీ పాత యజమానులు కనీసం అందరికీ టీకాలు వేయించేవాళ్లు."

ఆ మాట మిల్కాకి తగలాల్సిన చోటే తగిలింది. ఎందుకంటే అది నిజం. ఆవిడ పనిచేసిన తోటలో దొర తన పిల్లలకి వేయించిన వారంలోనే నూట పది మంది బానిసలకీ వేయించాడు. మిల్కానే దగ్గరుండి చంటిపిల్లల చేతులు పట్టుకుంది.

"వేయించారు," అంది. "పందులకి కూడా దొడ్డి శుభ్రం చేయించేవాళ్లు. చస్తే నష్టం కాబట్టి. ఇక్కడ మేం చస్తే ఎవరికీ నష్టం లేదు. ఆ సంగతి మీ నోటితో చెప్పినందుకు సంతోషం. కానీ నా కొడుకుని ఆ దొరే అమ్మేశాడు, టీకా వేయించిన రెండేళ్లకి. మచ్చ ఉందని నాలుగు డాలర్లు ఎక్కువొచ్చాయట. నయంగా ఉండేది ఎవరికో మీరే చెప్పండి."

డాక్టరు బండివాడికి సైగ చేశాడు. వాడు దిగి లెటీ చెయ్యి పట్టుకున్నాడు. లెటీ ఏడవలేదు, తండ్రి మొహం చూసింది. నేస్ చేతిలో గొడ్డలి కదిలింది. లెవిన్ పరుగున వెళ్లి ఆ గొడ్డలి పిడి పట్టుకున్నాడు. తెల్లవాడి మీద గొడ్డలి ఎత్తితే ఏమవుతుందో గుట్ట మీద పసిపిల్లలకి కూడా తెలుసు.

మిల్కా దగ్గర ఒక్క మాట మిగిలి ఉంది. ఆ మాట బయట పెడితే ఏం జరుగుతుందో ఆవిడకి తెలుసు. గుట్ట దారి మూసేస్తారు. గుట్ట కింద వంతెన దగ్గర తుపాకులు నిలబడతాయి. చీపుళ్లు, బుట్టలు పట్నంలో అమ్ముకుని, బట్టలు ఉతికి పిండి తెచ్చుకునే జనం. బంగాళదుంప ఈ ఏడు నేలలోనే కుళ్లిపోయింది. ఇంకో నెలకి మంచు పడుతుంది. దారి మూస్తే మశూచి కంటే ముందు ఆకలి వస్తుంది. లెవిన్ ఆవిడ మొహం చూసి విషయం పసిగట్టాడు. గొడ్డలి పట్టుకునే వద్దని తల అడ్డంగా ఊపాడు.

లెటీ ఒక కాలు బండి మెట్టు మీద పెట్టింది.

"దాన్ని జడ్జిగారింటికి తీసుకెళ్లకండి," అంది మిల్కా. "అది మూడు రోజులుగా ఫెబీ ఇంట్లోకి కుండతో నీళ్లు మోస్తోంది. ఫెబీకి మశూచి పోసింది. నిన్న నేను నా కళ్లతో చూశాను."

బండివాడు లెటీ చెయ్యి నిప్పు తగిలినట్టు వదిలేశాడు. జనం ఒక్కసారిగా ఒకళ్ల నుంచి ఒకళ్లు జరిగారు. డాక్టరు రెండడుగులు వెనక్కి వేసి, కోటు జేబులోంచి రుమాలు తీసి ముక్కుకి పెట్టుకున్నాడు.

"నిజమేనా? పిల్లని ఆపడానికి చెబుతున్నావా?"

"వచ్చి చూడండి. నాలుగో గుడిసె. మీరు డాక్టరు కదా."

ఆయన నాలుగో గుడిసె వైపు తిరగను కూడా లేదు. "ఎక్కడ అంటింది?" అని ఒక్కటి అడిగాడు. మిల్కా ఓడ దుప్పట్ల సంగతి చెప్పింది. ఆయన మొహం పాలిపోయింది, రేవు పుకారు నిజమేనన్నమాట. సంచీ మూసి బండి వైపు నడిచాడు.

"ఆగండి," అంది మిల్కా. "పిల్లకి టీకా పడింది కదా, దానికి రోగం రాదు కదా?"

"దానికి రాదు. కానీ దాని ఒంటి మీది నుంచీ బట్టల మీది నుంచీ ఇంకొకళ్లకి అంటొచ్చు. ఈ చేతి నీళ్లు ఇప్పుడు నేను పట్నంలో ఏ ఇంటికీ పట్టుకెళ్లలేను."

"అయితే మాకు వేసెయ్యండి. ఇక్కడే, ఇప్పుడే. మీకు పనికిరాదుగా. కత్తి మీ సంచీలోనే ఉంది. అరగంట పని. రోగం మా ఇంట్లోనే కూర్చుని ఉంది దొరగారూ, మా పిల్లలకి ఇంక అంటేదేముంది?"

అక్కడున్న ప్రతి తల్లీ ఆయన వైపే చూసింది. సూకీ కూడా చేతులు జోడించింది. అరగంట. ఆయన జీవితంలో అంతకంటే తేలికైన పుణ్యం ఎప్పుడూ ఎదురై ఉండదు.

"నేను ఇక్కడ ఒక్క నిమిషం కూడా ఉండకూడదు," అన్నాడు డాక్టర్ ఆష్‌కామ్. "పట్నంలో నాకు రోగులున్నారు. ముందు దారి మూయించాలి. పైనుంచి ఉత్తర్వు వస్తే రేపో ఎల్లుండో వస్తాను."

"రేపటికి ఈ నీరు ఉంటుందా?"

ఆయన అబద్ధం చెప్పలేదు. అంత మాత్రం ఆయనకి ఇచ్చేద్దాం. "చిక్కబడి తెల్లబడుతుంది. పనికిరాదు," అని బండెక్కాడు. ఎక్కి, రుమాలు తీయకుండానే, "దారి నీ నోటితోనే మూయించావు, ముసలీ," అన్నాడు. బండి వచ్చినదానికంటే వేగంగా దిగిపోయింది.

చప్పుడు వినపడకుండా పోయాక సూకీ మొదలుపెట్టింది. సూకీది పెద్ద గొంతు, మందిరంలో పాటెత్తేది కూడా ఆవిడే.

"సంతోషమేనా పెద్దమ్మా? మా ఇంట్లో పిండి పది రోజులకి కూడా రాదు. దారి మూస్తే నా నలుగురు పిల్లలకి రాళ్లు ఉడకబెట్టి పెట్టనా?"

"లెటీని పంపిస్తే సరిపోయేదిగా," అంది ఇంకొకావిడ. "సాయంత్రానికి వచ్చేసేది. మనకి ఒక బస్తా పిండైనా పంపేవాళ్లేమో."

"పంపేవాళ్లు," అన్నాడు నేస్. "దుప్పటి చిల్లులోంచి."

మిల్కా సూర్యుడు ఎక్కడున్నాడో చూసింది. ఇంకా పది కాలేదు. అక్టోబరు పగలు చిన్నది. ఆవిడ గౌను అంచులో ఎప్పుడూ గుచ్చి ఉంచుకునే సూది తీసింది. లెవిన్ భార్యని నిప్పు తెమ్మంది. సూది మొన నిప్పులో ఎర్రగా కాల్చి, ఊది చల్లార్చింది. తోటలో డాక్టరు చేసే పని ఆవిడ చూసింది. చెయ్యి ఎంత లోతు గీయాలో, రక్తం కారకుండా ఎలా గీయాలో ఆ రోజుల్లో నూట పది సార్లు చూసింది. ఇది ఎనిమిదో రోజు నీరని మాత్రం ఇవాళే తెలిసింది.

"పిల్లల్ని తీసుకురండి," అంది. "ఆయన వెయ్యకపోతే నేను వేస్తాను. ఆరేడుగురికి వస్తుందన్నాడు. వాళ్ల చేతులు వచ్చే ఆదివారానికి పండితే నలభై ఒక్కమందికీ సరిపోతుంది. కట్టులు కట్టను. కాపలా కాస్తాను."

ఒక్కరూ కదల్లేదు.

"నీ కట్టుతో నా కూతురి చేతిలో మందు తగలెట్టావు," అంది సూకీ. ఇప్పుడు ఆవిడ అరవడం లేదు, అందుకే ఆ మాట మరింత గుచ్చుకుంది. "నువ్వు చెడ్డదానివని అనను. నా నలుగురికీ పురుడు పోసింది నువ్వే. కానీ ఇది నీకు తెలీని పని పెద్దమ్మా. మశూచి ఇంట్లో తిరిగిన పిల్ల చేతి నీళ్లు తీసి, బట్టలు కుట్టే సూదితో నా బిడ్డల ఒంట్లోకి ఎక్కిస్తావా?"

"కట్టు వేసింది నేనే. తప్పు నాదే. ఆ పన్నెండు మందీ నా మెడకే," అంది మిల్కా. "కానీ తెలిసినవాడు ఇప్పుడే కొండ దిగిపోయాడు సూకీ. తెలీనిదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను."

ఆవిడ వాళ్లని వదిలేసి లెటీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. నేస్ వైపు తలెత్తి, "నువ్వు వద్దంటే మానేస్తాను," అంది.

"నన్నెందుకు, దాన్నే అడుగు. చెయ్యి దానిది," అన్నాడు నేస్.

"లెటీ తల్లీ, నీ చేతిలో మందుంది. అది తీసి మిగతా పిల్లలకి పెడతాను. చీమ కుట్టినట్టుంటుంది. ఆపమంటే ఆపేస్తాను."

"దుప్పటి ఉంటుందా?" అని అడిగింది లెటీ.

"ఉండదు. అందరూ నిన్నే చూస్తారు."

"సరే," అంది లెటీ, భుజం ముందుకి పెట్టి.

మిల్కా బొబ్బ అంచున సూది మొన ఆనించి, చర్మానికి అడ్డంగా, ఎంత తక్కువ అయితే అంత గుచ్చింది. నొక్కలేదు. కాసేపటికి తేటగా, కన్నీటి బొట్టులాంటి చుక్క ఊరి నిలబడింది. గుంపులో చివరివాళ్లు కూడా మెడలు చాచి చూశారు. గాలి చల్లగా వీస్తోంది. ఆ చుక్క ఎక్కువసేపు అలా ఉండదు. మిల్కా దాన్ని సూది మొన మీదికి ఎత్తుకుని, తలెత్తి జనం వైపు చూసింది. తల్లులు పిల్లల్ని తమ వెనక్కి లాక్కున్నారు.

అప్పుడు గుంపు రెండుగా చీలింది. ఎవరో పిలిచినందుకు కాదు, భయపడి చీలింది. మధ్యలోంచి కేలబ్ వస్తున్నాడు. ఫెబీ మొగుడు కేలబ్. రోగం ఉన్న ఇంటివాడు. అయిదు నెలల చంటిదాన్ని గుండెకి ఆనించుకుని, ఎవరి మొహమూ చూడకుండా నేరుగా వచ్చి, మిల్కా ముందు చతికిలబడి, చంటిదాని చొక్కా చెయ్యి పైకి లాగాడు.

"నిన్నటిదాకా వాళ్లమ్మ పాలే తాగింది," అన్నాడు. "దీనికి పెట్టు పెద్దమ్మా."

గుట్ట మీద ఉన్న నలభై ఒక్కమందిలో ఆ మందు అందరికంటే ముందు కావాల్సింది ఆ బిడ్డకే. ఒక్క పూట ఆలస్యమైనా దానికి దక్కదు.

వెనక నుంచి లెవిన్ గొంతు వినపడింది. చాలా నెమ్మదిగా, ఆవిడకి ఒక్కదానికే వినపడేలా అన్నాడు. "చెల్లెమ్మా, ఆలోచించుకో. ఆ సూది ముందు ఆ బిడ్డకి తగిలిందంటే, నువ్వు ఎన్నిసార్లు నిప్పులో కాల్చినా, ఈ గుట్ట మీద ఇంకొక్క తల్లి కూడా నీ ముందు చెయ్యి చాపనివ్వదు. ముందు ఇంకొకళ్లకి పెట్టు. నా మనవడికి పెట్టు, తీసుకొస్తాను. వాణ్ణి చూసి నలుగురొస్తారు. దీనికి చివర్లో పెడుదువు."

ఆయన చెప్పింది తెలివైన మాట. ఆరుగురిని బతికించే మాట. ఆయన మనవడు గుట్ట అవతలి కొసన ఉన్నాడు, తీసుకొచ్చేసరికి ఎంతసేపవుతుందో తెలీదు. సూది మొన మీద చుక్క అంచులు అప్పుడే ఆరుతున్నాయి. చంటిది మిల్కా తలగుడ్డ అంచు పట్టుకుని లాగుతోంది. 'చివర్లో' అన్న మాట ఎక్కడో విన్నట్టుందని మిల్కాకి అనిపించింది. తర్వాత చూద్దాం, వచ్చే వారం వేద్దాం, ముందు వాళ్లకి కానివ్వండి.

ఆవిడ ఎడం చేత్తో చంటిదాని భుజం దగ్గరికి లాక్కుంది.

"సూకీ, బాగా చూడు," అని, సూది దించింది.